ఓనరు బాకీ పడితే షట్టరు ఎవరిది? తనఖా బిల్డింగులో కిరాయిదారు హక్కు

మహారాష్ట్ర సరిహద్దు ఊరు ధర్మాబాద్‌లో మిర్చి మార్కెట్‌కు పోయే దారిలో ఒక రెండంతస్తుల బిల్డింగు ఉందనుకోండి. ఓనరు మిర్చి వ్యాపారి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి వ్యాపారానికి సీసీ లోను తీసుకున్నాడు. కింద మూడు గాళాలు, అంటే దుకాణం గదులు, ఉన్నాయి. ఒకదాంట్లో కిరాణా కొట్టు, పక్కన మొబైల్ షాపు. మూడోది ఎప్పుడు చూసినా షట్టరు దించే ఉంటుంది. పైన పదో తరగతి పిల్లల ట్యూషన్ సెంటరు. వరసగా రెండు సీజన్లు దెబ్బతిని వ్యాపారి వడ్డీ కట్టడం ఆపేశాడు, ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయింది. ఒకరోజు పొద్దున షట్టర్ల మీద మరాఠీలో నోటీసు అంటించి ఉంది: ఈ ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుంది, దీని మీద ఎవరూ లావాదేవీలు జరపరాదు.

ఇలాంటి నోటీసును రెండు పత్రికల్లో కూడా వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది కావాలి అని రూలు. నాందేడ్ జిల్లాలో స్థానిక భాష అంటే మరాఠీయే. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, కచేరీలో మరాఠీతో నెట్టుకొచ్చే మనవాళ్ళు చాలామంది ఆ కాగితాన్ని సగం చదివి, "ఇది ఓనరు గొడవ, మనకేం" అని షట్టరు ఎత్తేస్తారు. ఆ ధీమా చాలా ఖరీదైనది. ఎందుకో కొంచెం ఆగి చెప్తాను.

"నెలనెలా కిరాయి కడుతున్నా, ఓనరు అప్పుకు నేనెందుకు ఖాళీ చేయాలి?" నలుగురిదీ ఒకటే ప్రశ్న. నలుగురికీ వచ్చే జవాబు మాత్రం ఒకటి కాదు. కిరాయి ఎంత నిజాయితీగా కట్టారన్నది చట్టం తర్వాత చూస్తుంది. ముందు తేదీలు అడుగుతుంది: తనఖా ఎప్పుడు పెట్టారు, నువ్వు ఎప్పుడు వచ్చావు, బాకీ కట్టమని బ్యాంకు డిమాండ్ నోటీసు ఎప్పుడు ఇచ్చింది? ఆ తర్వాత కాగితం అడుగుతుంది. ఎక్కువ అడ్వాన్సు ఇచ్చి, ఎక్కువ ఏళ్ళకు రాయించుకుంటే గాళా మీద పట్టు గట్టిగా ఉంటుందన్నది మన బజారు లెక్క. తనఖాలో ఉన్న ఆస్తి దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది.

ముందు కిరాణా కొట్టాయన సంగతి. ఓనరు లోను తీసుకోకముందు నుంచే ఆయన ఆ గాళాలో ఉన్నాడు. అప్పటికే కిరాయిదారు కూర్చుని ఉన్న ఆస్తిని ఓనరు తనఖా పెడితే, కిరాయిదారు హక్కు పోగా తనకు మిగిలిన హక్కునే పెట్టగలడు. బ్యాంకుకు దక్కేదీ అంతే. "మాకు తెలియదు" అని బ్యాంకు అనడానికి కూడా పెద్దగా వీలుండదు. ఆస్తిలో మనిషి ఉంటే అతనికి ఏ హక్కు ఉందో కొనేవాడికీ, తనఖా పట్టేవాడికీ తెలిసినట్టే లెక్క అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మూడో సెక్షనే చెబుతోంది. లోను ఇచ్చేముందు బ్యాంకు వాల్యుయర్ వచ్చి ఫొటోలు తీసుకుని, ఎవరెవరు ఉంటున్నారో రాసుకుని పోతాడు. ఆ వాల్యుయేషన్ రిపోర్టులో "కిరాయికి ఇచ్చారు" అని ఒక్క ముక్క ఉందంటే, కిరాణా కొట్టాయనకు అంతకంటే గట్టి సాక్ష్యం బ్యాంకు దగ్గరే ఉన్నట్టు. బ్యాంకు బాకీల గొడవలు చూసే ట్రిబ్యునల్, డీఆర్‌టీలో ఆ రిపోర్టు బయటపెట్టమని అడగాలి. చాలామంది లాయర్లు అడగరు, ఎందుకో తెలియదు.

అసలు చిక్కు మొబైల్ షాపు అబ్బాయిది. లోను తీసుకున్న ఏడాదికి అతను వచ్చాడు. కిరాయి మాట్లాడేటప్పుడు ఓనరు ఏమన్నాడంటే, "కిరాయి నాలుగు వేలు చాలు, డిపాజిట్ ఆరు లక్షలు ఇవ్వు, ఐదేళ్ళు రాసిస్తా, ఇద్దరికీ ఇష్టమైతే ఇంకో ఐదేళ్ళు." పక్క గాళాలకు తొమ్మిది వేలు నడుస్తోంది. నెలకు ఐదు వేలు మిగులు, పదేళ్ళ భరోసా. అబ్బాయి సంబరపడి అప్పు చేసి ఆరు లక్షలూ ఇచ్చాడు. బాండ్ పేపరు మీద రాసుకుని నోటరీ చేయించుకున్నారు.

తనఖా పెట్టిన తర్వాత కూడా ఓనరు ఆస్తిని కిరాయికి ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు. ఆస్తి బదిలీ చట్టంలో 65ఏ అనే సెక్షను ఉంది. 1929 సవరణతో వచ్చింది. తనఖా పెట్టినా ఆస్తి తన స్వాధీనంలోనే ఉన్న ఓనరు లీజు ఇవ్వొచ్చు, ఆ లీజుకు తనఖా పట్టినవాడు కట్టుబడాలి అంటుంది. అయితే ఆ వెంటనే షరతులు పెడుతుంది. ఆస్తిని మామూలుగా చూసుకునే మనిషి ఇచ్చే పద్ధతిలోనే, స్థానిక చట్టం, ఆచారం ప్రకారం లీజు ఉండాలి. న్యాయంగా రాగలిగినంత మంచి కిరాయి రాయాలి. పగడీ (తిరిగి ఇవ్వనక్కర్లేకుండా కిరాయిదారు ఇచ్చే సొమ్ము) తీసుకోకూడదు, ఇస్తానని మాట కూడా ఇవ్వకూడదు. కిరాయి ముందుగా పుచ్చుకోకూడదు. మళ్ళీ పొడిగిస్తానని రాయకూడదు. రాసిన ఆరు నెలల్లోపు లీజు మొదలవ్వాలి. బిల్డింగయితే మూడేళ్ళు దాటకూడదు, పైగా కిరాయి కట్టాలనీ, ఫలానా గడువులోపు కట్టకపోతే ఓనరు మళ్ళీ స్వాధీనం చేసుకోవచ్చనీ లీజులో రాసి ఉండాలి.

ఇప్పుడు మొబైల్ షాపు కాగితాన్ని పక్కన పెట్టి చూడండి. మార్కెట్ కిరాయిలో సగం కూడా లేదు. ఐదేళ్ళు రాశారు. పొడిగింపు ఉంది. డిపాజిట్ అన్నది తిరిగి ఇచ్చేదే కదా, పగడీ ఎలా అవుతుందని వాదించొచ్చు, ఆ వాదనలో పస ఉంది కూడా. కానీ డిపాజిట్ పెరిగినకొద్దీ కిరాయి తగ్గిందని ఆ కాగితమే చెబుతుంటే, "మంచి కిరాయి" అన్న షరతు దగ్గర ఇరుక్కుపోతాడు. తనకు బలం అనుకుని అబ్బాయి రాయించుకున్న ప్రతి మాటా 65ఏ ముందు అతనికే ఎదురు తిరుగుతోంది. డిపాజిట్ ఏమీ లేకుండా, తొమ్మిది వేల కిరాయికి, రెండేళ్ళకు మాత్రమే పద్ధతిగా రిజిస్టరు చేయించుకున్నవాడి పరిస్థితి ఇతని కంటే ఎంతో మెరుగు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం, 1999, తన 56వ సెక్షనులో ఓనరు పగడీ పుచ్చుకోవడం తప్పు కాదంటుంది. అంటే రాష్ట్ర చట్టం ప్రకారం ఓనరు, కిరాయిదారు మధ్య పగడీ చెల్లుతుంది. అదే పగడీ ఆ లీజును బ్యాంకు మీద నిలబడకుండా చేస్తుంది. రెండు చట్టాల్లో ఏదీ తప్పు కాదు. ఒకటి ఓనరునూ కిరాయిదారునూ చూస్తోంది, ఇంకొకటి అప్పిచ్చినవాడిని చూస్తోంది.

ఇంతకంటే పెద్ద గొయ్యి 65ఏ చివర్లో ఉంది. ఓనరుకు ఈ లీజు అధికారం తనఖా పత్రంలో దానికి విరుద్ధంగా రాసుకోనంతవరకే. ఈ రోజుల్లో బ్యాంకు ఇచ్చే కాగితాల్లో "మా రాతపూర్వక అనుమతి లేకుండా కిరాయికి ఇవ్వరాదు" అనే వాక్యం లేనిది చూపించండి చూద్దాం. ఆ వాక్యం ఉంటే 65ఏ ఇచ్చిన అధికారం అక్కడితో సరి. కిరాయికి వచ్చేవాడు ఓనరు తనఖా పత్రం అడిగి చూడడు, ఓనరు చూపించడు. కానీ ఆ వాక్యం ఫలితం పడేది అతని నెత్తి మీదే.

బ్యాంకు మీద నిలబడదు అంటే లీజు అసలు చెల్లదని కాదు. ఓనరుకూ కిరాయిదారుకూ మధ్య అది లీజే. "నీకు లీజు ఇచ్చే హక్కే లేదు, కాబట్టి కిరాయి కట్టను" అని కిరాయిదారు ఎదురు తిరగడానికి లేదు. "బ్యాంకు ఒప్పుకోలేదు" అని ఓనరూ ఖాళీ చేయించలేడు. ఆరు లక్షల డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిందీ ఓనరే. అప్పటికే దివాలా తీసి కూర్చున్న ఓనరు దగ్గర అది ఎంతవరకు వసూలవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఆలోచన మన దగ్గర పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో 1778లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కీచ్, హాల్ కేసులో, తనఖా తర్వాత అప్పిచ్చినవాడిని అడక్కుండా ఓనరు ఇచ్చిన లీజు అప్పిచ్చినవాడి ముందు నిలవదని తేల్చాడు. కిరాయిదారుకు కనీసం నోటీసు కూడా అక్కర్లేదన్నంత కఠినమైన నియమం అది. దాన్ని మెత్తబరచడానికి అక్కడ 1881లో చట్టం చేసి ఓనరుకు పరిమితంగా లీజు అధికారం ఇచ్చారు. మన 65ఏ ఆ దారిలోనే నడిచింది. అక్కడిదే 1979 నాటి ఇంకో కేసు భలే ఉంటుంది. లూయిస్ అనే ఊళ్ళో ఒక ఇంటి ఓనరు, అద్దె చట్టం రక్షణ ఉన్న కుర్రాళ్ళను తనంతట తాను ఖాళీ చేయించలేక, బ్యాంకునే ఖాళీ చేయించమన్నాడు. బ్యాంకు ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన భార్య బ్యాంకు బాకీ 2,500 పౌండ్లు కట్టి, ఆ తనఖాను తన పేరిట రాయించుకుని, అప్పిచ్చినదాని హోదాలో కుర్రాళ్ళ మీద దావా వేసింది. లార్డ్ డెన్నింగ్ ఉన్న కోర్టు ఈ ఎత్తును పట్టేసి కుదరదు పొమ్మంది. ఓనరు బ్యాంకును అడ్డం పెట్టి కిరాయిదారును తరిమే కథ అది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది దానికి తిరగేసిన కథ, కిరాయిదారును అడ్డం పెట్టి బ్యాంకును ఆపడం.

మూసి ఉన్న మూడో గాళా అందుకే ఉంది. డిమాండ్ నోటీసు వచ్చాక ఓనరు తన బావమరిది పేరిట ఒక లీజు పుట్టించాడు. తేదీ మాత్రం లోను కంటే ముందుది వేశాడు. కోర్టుకు పోకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఇచ్చే సర్ఫేసీ చట్టం, 2002, సెక్షన్ 13(2) కింద బ్యాంకు 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు ఇస్తుంది. అది అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తిని మామూలు వ్యాపార పద్ధతిలో తప్ప అమ్మడం, లీజుకివ్వడం కుదరదని 13(13) అంటుంది. పాత తేదీ వేసిన బాండ్ పేపరు ఎక్కడ దొరికిపోతుందంటే స్టాంపు వెండర్ రిజిస్టరులో. లీజు తేదీకి ఆ పేపరు అసలు అమ్ముడే పోలేదని తేలుతుంది. పైగా అన్నేళ్ళు ఉన్న దుకాణానికి గుమాస్తా లైసెన్సు (దుకాణం నడిపే లైసెన్సు) లేదు, జీఎస్టీలో ఆ అడ్రసు లేదు, మహావితరణ్ కరెంటు బిల్లు చూస్తే కనీస చార్జీ తప్ప యూనిట్లు లేవు. ఇలాంటి బావమరుదుల పుణ్యమా అని నిజమైన కిరాయిదారుల్ని కూడా జడ్జీలు అనుమానంగా చూస్తున్నారు.

సుప్రీంకోర్టు 2014 నుంచి ఒకే గీత మీద నడవకపోవడానికి కారణం కూడా ఆ అనుమానమే అని నా ఉద్దేశం. 2014లో హర్షద్ గోవర్ధన్ సొందాగర్ కేసులో, తనఖాకు ముందున్న లీజుకూ, 65ఏ ప్రకారం ఇచ్చిన లీజుకూ బ్యాంకు కట్టుబడాలని చెప్పింది. 2016 జనవరిలో విశాల్ కల్సారియా కేసులో ఇంకో అడుగు ముందుకేసి, సర్ఫేసీ పేరు చెప్పి రెంట్ కంట్రోల్ చట్టం కింద రక్షణ ఉన్న కిరాయిదారును వెళ్ళగొట్టలేరంది. ముంబయి కిరాయిదారులు పండగ చేసుకున్నారు. 2019లో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం పగ్గం బిగించింది. మన జస్టిస్ ఎన్.వి.రమణ అందులో ఉన్నారు. రిజిస్టరు కాని కాగితమో, నోటిమాటో చూపించే కిరాయిదారు ఏడాదికి మించి ఆస్తిలో ఉంటానని పట్టుబట్టలేడనీ, గడువు తీరినా ఖాళీ చేయకుండా కూర్చున్నవాడికి రెంట్ చట్టం అండ దొరకదనీ ఆ తీర్పు సారాంశం. 2021లో హేమ్‌రాజ్ సాలియన్ కేసులోనూ ఇదే దారి పట్టారు.

ఏడాది అనే లెక్క ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను నుంచి వచ్చింది. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాల్సిందే. నోటరీ చేయిస్తే రిజిస్టరు అయినట్టే అనుకునేవాళ్ళు సరిహద్దుకు ఇటూ అటూ లెక్కలేనంతమంది. నోటరీ ముద్ర సంతకం పెట్టింది ఫలానా మనిషే అని చెబుతుంది, అంతవరకే. మొబైల్ షాపు అబ్బాయి ఐదేళ్ళ కాగితం నోటరీదే కాబట్టి, 65ఏ దాకా పోకుండానే అతని ఐదేళ్ళు ఎగిరిపోయాయి.

మరి ఎప్పటినుంచో నోటిమాట మీద ఉన్న కిరాణా కొట్టాయన? ఇక్కడే నిజంగా తల బద్దలయ్యేది. రిజిస్టరు చేయించడం ఓనరు బాధ్యత, చేయించకపోతే ఓనరుకే శిక్ష (మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ) అని మహారాష్ట్ర చట్టం 55వ సెక్షను చెబుతుంది. ఓనరు చేయని పనికి కిరాయిదారును శిక్షించకూడదన్న విశాల్ కల్సారియా ధోరణే నాకు న్యాయంగా తోస్తుంది. కానీ 2019 ధర్మాసనం పెద్దది. అందుకే కిరాణా కొట్టాయన తనఖా తేదీకి ముందునుంచి కిరాయి రసీదులు, గుమాస్తా లైసెన్సు, కరెంటు బిల్లులు, వాల్యుయేషన్ రిపోర్టు ఒక్కటి కూడా వదలకుండా పెట్టి, తాను నెలవారీ కిరాయిదారుననీ, రెంట్ చట్టం రక్షణ తనకు ముందునుంచీ ఉందనీ వాదించాలి. ఆ చట్టం ప్రతి ఊరికీ వర్తించదు. దాని షెడ్యూళ్ళలో ఉన్న, లేదా ప్రభుత్వం తర్వాత చేర్చిన ప్రాంతాలకే. ఒకప్పుడు నాందేడ్ మనతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నప్పటి 1954 నాటి హైదరాబాద్ ఇళ్ళ అద్దె చట్టాన్ని రద్దు చేసి ఆ స్థానంలోకి వచ్చింది కూడా ఈ 1999 చట్టమే. మీ ఊరు అందులో ఉందో లేదో ముందు చూడండి, తర్వాతే దాని మీద ఆశ పెట్టుకోండి. ఓనరు నిజామాబాద్ మనిషైనా, లోను నిజామాబాద్ బ్రాంచిదైనా, ఆస్తి ధర్మాబాద్‌లో ఉంటే తెలంగాణ అద్దె చట్టం ఇక్కడికి రాదు.

పైన ట్యూషన్ సెంటరుది 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్. మహారాష్ట్రలో ఇదే ఎక్కువ నడుస్తోంది. రిజిస్టరు కూడా అయింది కాబట్టి టెన్షన్ లేదనుకుంటున్నాడు మేష్టారు. కానీ అది లీజే కాదు, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి. ఆస్తి చేతులు మారితే కొత్త ఓనరు ఆ అనుమతికి కట్టుబడనక్కర్లేదని ఈజ్‌మెంట్స్ చట్టం 59వ సెక్షను చెబుతోంది. పరీక్షల ముందు వేలం జరగకూడదని కోరుకోవడం తప్ప ఆయనకు పెద్దగా దారి లేదు.

ఇక నోటీసు చూసి ఊరుకోవడం ఎందుకు ఖరీదో చెప్తానన్నాను కదా. సర్ఫేసీ కింద బ్యాంకు తీసుకున్న చర్య మీద డీఆర్‌టీకి పోవడానికి సెక్షన్ 17 ఇచ్చే గడువు 45 రోజులు. సివిల్ కోర్టులో దావా వేద్దామంటే 34వ సెక్షను తలుపు మూసేసింది. 2016 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన 17(4ఏ) కిరాయిదారు డీఆర్‌టీకి నేరుగా వెళ్ళే దారి తెరిచింది. అక్కడ చూసేది ఇంతే: లీజు గడువు తీరిపోయిందా, 65ఏకి విరుద్ధమా, తనఖా షరతులకు విరుద్ధమా, డిమాండ్ నోటీసు తర్వాత పుట్టిందా. నాందేడ్ వాళ్ళకు డీఆర్‌టీ అంటే ఛత్రపతి సంభాజీనగర్ దాకా పోవాలి. 45 రోజుల్లో లాయరును వెతుక్కుని, కాగితాలు కూడగట్టుకుని పోవడం చిన్న పని కాదు. ఈలోగా కలెక్టరు ఉత్తర్వుతో పోలీసులు వచ్చి తాళం వేస్తే, దుకాణంలోని సరుకు కూడా లోపలే ఉండిపోతుంది.

ఇదంతా బ్యాంకుల సంగతి. సహకార బ్యాంకులకు కూడా సర్ఫేసీ వర్తిస్తుందని 2020లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన బజార్లలో బ్యాంకుల కంటే చురుగ్గా అప్పులిచ్చే పత్‌సంస్థలు (సహకార పరపతి సంఘాలు) మాత్రం బ్యాంకులు కావు. అవి సహకార చట్టం 101వ సెక్షను కింద వసూలు సర్టిఫికెట్టు తెచ్చుకుని జప్తుకు వస్తాయి. దారి వేరు కాబట్టి 17(4ఏ) అక్కడ పనికిరాదు. 65ఏ షరతులు మాత్రం అక్కడా అవే. సాగుభూమి మీద తనఖాకు సర్ఫేసీ వర్తించదు, కౌలు గొడవలకు మరాఠ్వాడాలో వేరే చట్టం ఉంది. అదొక ప్రత్యేక వ్యాసం అవుతుంది.

గాళా కొత్తగా కిరాయికి తీసుకునేవాళ్ళు ఓనరు మాట మీద ఆధారపడనక్కర్లేదు. తెలంగాణలో ఈసీ తీసినట్టు ఇక్కడ ఇండెక్స్ టూ వెతికించాలి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి లోను తీసుకుంటే 30 రోజుల్లో రిజిస్ట్రారుకు సమాచారం ఇవ్వాలని మహారాష్ట్రలో 2013 నుంచి నియమం ఉంది, కాబట్టి ఆ తర్వాతి తనఖాలు చాలావరకు అందులో పడతాయి. తనఖాల వివరాలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ, సెర్సాయ్ వెబ్‌సైటులోనూ చూడొచ్చు. సాత్‌బారా (7/12 భూమి రికార్డు) ఉన్న స్థలమైతే "ఇతర్ అధికార్" (ఇతర హక్కులు) గడిలో బ్యాంకు బోజా, అంటే బాకీ భారం, కనిపిస్తుంది. తనఖా ఉందని తేలితే గాళా వదిలేయమని కాదు. బ్యాంకు నుంచి లీజుకు అనుమతి పత్రం తెమ్మని ఓనరును అడగాలి, అందులో మీ పేరు, గడువు, కిరాయి ఉండాలి. ఓనరు సణుగుతాడు. డిపాజిట్ తగ్గించి కిరాయి పెంచుకోమంటే ఇంకా సణుగుతాడు, ఎందుకంటే ఆయనకు కావాల్సింది ఆ ఆరు లక్షలే.

అన్నీ దాటిపోయి వేలం ప్రకటన దాకా వచ్చిన కిరాయిదారుకు ఇంకొక దారి ఉంది, ఎక్కువమంది దాని గురించి ఆలోచించరు. వేలంలో తానే పాడుకోవచ్చు. కిరాయిదారు కదలడేమో అన్న భయంతో బయటివాళ్ళు చాలాసార్లు రిజర్వు ధర దగ్గరే తచ్చాడుతుంటారు. ఆ భయం లేని ఒకే ఒక మనిషి లోపల ఉన్న కిరాయిదారు.